ఎనభై దాటిన సాక్సోఫోన్‌ను ఎదురుగా కూర్చుని వినాలంటే

జాజ్ మనకు ఎక్కదు అని తేల్చేసినవాళ్లలో చాలామంది దాన్ని ఫోన్ స్పీకర్లోనో, హోటల్ లిఫ్టులోనో విన్నవాళ్లే. ఈ సంగీతం పెరిగింది వందమంది పట్టే చిన్న గదుల్లో. న్యూయార్క్‌లో అలాంటి గదులు ఇంకా నడుస్తున్నాయి. అరవై, డెబ్బై ఏళ్లుగా సాక్సోఫోన్ ఊదుతున్న పెద్దలు కొందరు నిన్నమొన్నటి దాకా ఆ గదుల్లో వాయిస్తూ వచ్చారు. న్యూజెర్సీలో స్థిరపడినవాళ్లూ, ఆఫీసు పని మీద నాలుగు రోజులు వచ్చినవాళ్లూ, పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులూ మొదటిసారి ఒక జాజ్ క్లబ్బుకు వెళ్లాలనుకుంటే ఏం చేయాలో వరసగా చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. పెద్ద వయసు వాద్యకారుడి దగ్గరికి వేగం కోసం వెళ్లకండి. అది కావాలంటే పాతికేళ్ల కుర్రాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. ఊపిరి తగ్గిన మనిషి తనకు తెలిసిన వేల స్వరాల్లో వేటిని ఉంచుకున్నారు, వేటిని వదిలేశారు అన్నదే అక్కడ వినాల్సింది. ఎవరిని ఎంచుకోవాలి, ఎక్కడ కూర్చోవాలి, ముందుగా ఏం వినాలి అన్నవన్నీ దీన్ని బట్టే చెబుతున్నాను.

1. ముందు మనిషిని ఎంచుకోండి, తర్వాత క్లబ్బును

చాలామంది పేరున్న క్లబ్బు చూసి ఆ రోజు ఎవరుంటే వాళ్ల టికెట్ కొనేస్తారు. అదీ తప్పేం కాదు. కానీ పెద్దవాళ్లను వినాలనుకుంటే వాళ్ల కార్యక్రమాల మీద కన్నేసి ఉంచాలి. సంవత్సరంలో కొద్ది రోజులే వాయిస్తారు, ఆరోగ్యం బాగోలేకపోతే అవీ రద్దవుతాయి.

జార్జ్ కోల్‌మన్ 1935లో మెంఫిస్‌లో పుట్టారు. నూనూగు మీసాల వయసులో గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ బృందంలో వాయించారు, 1963-64లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ దగ్గర టెనర్, అంటే కాస్త కింది శ్రుతిలో పలికే సాక్సోఫోన్ ఊదారు. ఎనభై దాటాక కూడా న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించారు. చార్లెస్ లాయిడ్‌ది కూడా మెంఫిసే, 1938లో పుట్టారు. ఆయన ఎక్కువగా పెద్ద హాళ్లలో, ఫెస్టివళ్లలో కనిపిస్తారు. జాకిర్ హుస్సేన్ తబలాతో ఆయన చేసిన 'సంగమ్' విన్నవాళ్లకు ఆయన్ను కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. గ్యారీ బార్ట్జ్ ఆల్టో, అంటే టెనర్ కంటే పై శ్రుతిలో పలికే సాక్సోఫోన్ వాద్యకారుడు, 1940లో బాల్టిమోర్‌లో పుట్టారు. ఆయన కూడా 1970లో మైల్స్ బృందంలో ఉన్నారు. జో లొవానో 1952 వాడు, ఈ వరసలో చిన్నవాడు. తండ్రి క్లీవ్‌లాండ్‌లో క్షవరం చేస్తూ, రాత్రిళ్లు సాక్సోఫోన్ ఊదేవాడు. ఇక మార్షల్ అలెన్ సంగతి వేరు. 1924లో పుట్టిన ఆయన తన సొంత పేరుతో తొలి సోలో ఆల్బమ్‌ను 2025లో, వందేళ్లు దాటాక విడుదల చేశారు!

సోనీ రోలిన్స్ పేరు ఎక్కడ చూసినా కనబడుతుంది కాబట్టి ఒక హెచ్చరిక: ఊపిరితిత్తుల జబ్బు వల్ల 2012 తర్వాత ఆయన వేదిక ఎక్కలేదు. ఆయన పేరుతో జరిగేవి నివాళి కచేరీలు. పోస్టర్‌లో పేరు పెద్దక్షరాల్లో ఉన్నంత మాత్రాన ఆ మనిషి వేదిక మీద ఉంటారనుకోవద్దు. కింద చిన్న అక్షరాల్లో వాయించేవాళ్ల జాబితా ఉంటుంది, అది చదవాలి.

పేరు ఖాయం చేసుకునే ముందు ఆ వాద్యకారుడు గత రెండు మూడేళ్లలో వాయించిన వీడియో ఒకటి వెతికి చూడండి. ఇది నేను గట్టిగా చెప్పే సలహా. గొప్ప గతం ఉన్న ప్రతివారూ ఇప్పుడు కూడా గొప్పగా వాయిస్తారన్న హామీ లేదు. జాలితో, "ఆఖరిసారి చూసొద్దాం" అనే భావంతో టికెట్ కొంటే మీకూ సుఖం ఉండదు, ఆయనకూ గౌరవం కాదు. రెండు నిమిషాల వీడియోలో ఒక్క స్వరవాక్యమైనా మిమ్మల్ని ఆపి వినేలా చేస్తే వెళ్లండి.

2. ఏ గదిలో వినాలి

మొదటిసారికి నా ఓటు విలేజ్ వాన్‌గార్డ్‌కే. మాక్స్ గోర్డన్ దీన్ని 1935లో మొదలుపెట్టాడు. 1957 నుంచి పూర్తిగా జాజ్‌కే అంకితమైంది. సెవెంత్ అవెన్యూ సౌత్‌లో ఒక చిన్న తలుపు, అక్కడి నుంచి కిందికి నిటారుగా మెట్లు, దిగితే త్రికోణం లాంటి నేలమాళిగ. పట్టేది సుమారు 120 మంది. సోనీ రోలిన్స్ 1957లో, జాన్ కోల్ట్రేన్ 1961లో ఇక్కడ చేసిన లైవ్ రికార్డులు సాక్సోఫోన్ నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ పాఠాలే. తిండి పెట్టరు. గ్లాసుల చప్పుడు తప్ప మరో అలికిడి ఉండదు. ఒక్కో బృందం మామూలుగా మంగళవారం నుంచి ఆదివారం దాకా వారమంతా వాయిస్తుంది. సోమవారం మాత్రం క్లబ్బు సొంత ఆర్కెస్ట్రాది, ఆ ఆనవాయితీ 1966 నుంచి నడుస్తోంది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు ఆ మెట్ల సంగతి ముందే ఆలోచించుకోవాలి. వాళ్లకు కొలంబస్ సర్కిల్‌లోని డిజ్జీస్ క్లబ్ నయం. లిఫ్ట్ ఉంది, కూర్చుని భోంచేయొచ్చు, వాద్యకారుల వెనక అద్దాల్లోంచి సెంట్రల్ పార్క్ కనిపిస్తుంది. అప్పర్ వెస్ట్ సైడ్‌లోని స్మోక్ అనే క్లబ్బులో కూడా రాత్రి భోజనంతో పాటే సంగీతం. కోల్‌మన్ తరం వాళ్లకు అది చాలాకాలంగా పుట్టిల్లు. 2020లో మూతపడి, పక్క స్థలాలు కలుపుకుని 2022లో మళ్లీ తెరుచుకుంది. బ్లూ నోట్ పేరు అందరికీ తెలుసు, టూరిస్టుల రద్దీ కూడా అక్కడే ఎక్కువ. బల్లలు దగ్గరదగ్గరగా వేస్తారు, పక్కవాళ్ల మోచెయ్యి తగులుతుంది. వాన్‌గార్డ్‌కు నడిచేంత దూరంలోనే వెస్ట్ టెన్త్ స్ట్రీట్‌లో స్మాల్స్ ఉంది, అది ఇంకా చిన్నది.

పెద్ద హాలు వద్దనను కానీ, మొదటిసారికి వద్దు. రెండు వేల మంది కూర్చునే చోట సాక్సోఫోన్ మైకులోంచి వస్తుంది. క్లబ్బులో అయితే మీటలు మూసుకునే టకటక శబ్దం, వాక్యం మొదలయ్యే ముందు లోపలికి పీల్చే గాలి కూడా వినిపిస్తాయి. పెద్దవాళ్ల వాయిద్యంలో సగం అక్కడే ఉంటుంది.

3. టికెట్, సెట్, డ్రింక్ మినిమమ్

మన కచేరీ మూడు గంటలు సాగుతుంది. జాజ్ క్లబ్బులో ఒక రాత్రిని రెండు సెట్లుగా కోస్తారు. ఒక్కోటి గంటా గంటంపావు. వాన్‌గార్డ్‌లో సాధారణంగా ఎనిమిదికి ఒకటి, పదికి ఒకటి. ఒక టికెట్ ఒక సెట్‌కే. మొదటిది అయ్యాక గది ఖాళీ చేయించి రెండో సెట్ జనాన్ని లోపలికి పంపుతారు.

ఏది కొనాలి? యువ బృందమైతే పది గంటల సెట్ అంటాను. అప్పటికి వాళ్లు వేడెక్కి ఉంటారు, వినేవాళ్లలో కూడా సంగీతకారులే ఎక్కువ కనిపిస్తారు. పెద్దాయన అయితే మొదటి సెట్‌కే వెళ్లండి. పెదవులు, ఊపిరి తాజాగా ఉండేది అప్పుడే. వారంలో రోజు విషయానికొస్తే శుక్ర, శనివారాలు జనం ఎక్కువ, కబుర్లూ ఎక్కువ. బుధ, గురువారాలు మేలు. అప్పటికి బృందం ఒకరికొకరు అలవాటు పడి ఉంటుంది.

టికెట్ ధర వాన్‌గార్డ్‌లో 40 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. దానిపైన ఒక డ్రింక్ కొనడం తప్పనిసరి, దాన్నే డ్రింక్ మినిమమ్ అంటారు. మద్యమే కానక్కర్లేదు. అల్లం సోడా, పండ్ల రసం ఏదైనా లెక్కలోకి వస్తుంది. కొన్ని క్లబ్బుల్లో ఇంత మొత్తానికి తిండి గానీ డ్రింకులు గానీ కొనాలని ఉంటుంది, మొత్తం బిల్లు మనం అనుకున్నదానికి రెట్టింపు కావడం అక్కడే. బుక్ చేసేటప్పుడే ఆ పేజీ చివరిదాకా చదవండి. బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్ వేసుకోండి, కొన్నిచోట్ల అది ముందే కలిపేస్తారు కాబట్టి రెండోసారి ఇచ్చేయకుండా చూసుకోండి. మీరు వెళ్లలేకపోతే డబ్బు వెనక్కి రావడం అరుదు. వాద్యకారుడే మారిపోతే ఏం చేస్తారన్నది ఒక్కో క్లబ్బుది ఒక్కో పద్ధతి, పెద్దవాళ్ల కచేరీకి ఇది తప్పకుండా చూసుకోవాలి. పిల్లలను తీసుకెళ్లాలంటే వయసు నిబంధన కూడా.

4. వారం ముందు నుంచి ఇంటిపని

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. జాజ్ క్లబ్బు నుంచి నిరాశగా వచ్చేవాళ్లు వాద్యకారుడి వల్ల కాదు, ఏం జరుగుతోందో తెలియక అలా వస్తారు.

మీరు ఎంచుకున్న వాద్యకారుడి రికార్డుల్లో మూడు వినండి చాలు: ముప్ఫై ఏళ్లలోపు వాయించింది ఒకటి, నడివయసుది ఒకటి, ఇటీవలిది ఒకటి. కోల్‌మన్‌నే తీసుకోండి. 1964 ఫిబ్రవరి 12న మైల్స్ డేవిస్ బృందం న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ హాల్లో ఒక కచేరీ చేసింది. మిసిసిపీ, లూసియానాల్లో నల్లవాళ్లను ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమానికి నిధుల కోసం పెట్టిన కచేరీ అది. ఆ రాత్రి నెమ్మది పాటలన్నీ ఒక ఆల్బమ్‌గా, వేగం పాటలన్నీ మరో ఆల్బమ్‌గా వచ్చాయి. రెంటిలోనూ ఆయన ఉన్నారు, వయసు ఇరవై ఎనిమిది. వేగం ఆల్బమ్‌లో ఆయన స్వరాలు గుక్క తిప్పుకోకుండా కురుస్తాయి. అది విన్న మర్నాడు, ఆయన ఎనభై దాటాక స్మాల్స్‌లో చేసిన లైవ్ రికార్డు పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది. ఆ తేడాను "తగ్గిపోయారు" అని ఒక్క మాటలో కొట్టేయకండి. ఏది తగ్గింది, దాని స్థానంలో ఏం వచ్చింది అని రాసుకోండి.

తర్వాత పాట చట్రం నేర్చుకోవాలి. జాజ్‌లో చాలా పాటలు 32 బార్ల చట్రంలో ఉంటాయి. బార్ అంటే తాళంలో ఒక చిన్న ఆవర్తనం, దానికి నాలుగు దెబ్బలు. ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు: మొదటి ముక్క, అదే మళ్లీ, వేరే ముక్క ఒకటి, చివరికి మళ్లీ మొదటిదే. ఆ వేరే ముక్కను బ్రిడ్జి అంటారు. మధ్యస్థ వేగంలో, అంటే నిమిషానికి 160 దెబ్బల నడకలో, మొత్తం చట్రం 48 సెకన్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. దాన్నే కోరస్ అంటారు. బృందం మొదట పాటను పాటలాగే వాయిస్తుంది. తర్వాత ఒక్కొక్కరూ అదే చట్రం మీద ఇన్ని చుట్లు, అన్ని చుట్లు అని అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోతారు, అదే సోలో. చివరికి అందరూ కలిసి మళ్లీ పాటకు వస్తారు. బ్లూస్ అనే రకం పాట అయితే చట్రం ఇంకా చిన్నది, 12 బార్లు.

సాధన ఇలా చేయండి. ఒక పాట అసలు వరస నోటికి వచ్చేదాకా వినండి. తర్వాత సోలో నడుస్తుంటే మనసులో ఆ వరసే పాడుకోండి. మొదట్లో దారి తప్పుతారు. కంగారు పడకండి, బ్రిడ్జి దగ్గర సంగీతం రంగు మారుతుంది, అక్కడ పట్టుకోవచ్చు. ఎనిమిది బార్లు పూర్తయ్యేచోట డ్రమ్మర్ కూడా ఏదో ఒక చిన్న దెబ్బతో గుర్తు చేస్తాడు. నాలుగైదు రోజులు ఇలా చేస్తే, అసలు వరస వినిపించకపోయినా "ఇప్పుడు బ్రిడ్జి" అనగలుగుతారు. క్లబ్బులో గందరగోళం అనిపించేదంతా అప్పుడు వరసలోకి వస్తుంది.

కర్ణాటక సంగీతం వినే అలవాటున్నవాళ్లకు ఇది సగం తెలిసిన పనే. కల్పనస్వరాలు పాడుతూ తాళంలో సరిగ్గా ఎత్తుగడకు వచ్చి అందుకోవడం విని ఉంటారు, ఇక్కడా లెక్క అదే. అసలు తేడా ఒక్కటి. మన దగ్గర రాగం, శ్రుతి కదలకుండా నిలబడతాయి, గాయకుడు వాటి మీద తిరుగుతాడు. ఇక్కడ బార్ బార్‌కీ కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు మారుతుంది, పియానో కింద కొత్త గుంపు వేస్తుంది, సాక్సోఫోన్ దానికి తగ్గట్టు నడవాలి. అందుకే మనకు మొదట్లో "రాగం నిలవడం లేదే" అనిపిస్తుంది. నిలవకపోవడమే అక్కడి పద్ధతి.

మనవాళ్లకు సాక్సోఫోన్ అనగానే గుర్తొచ్చేది కద్రి గోపాల్‌నాథ్. త్యాగరాజ కృతులను ఆల్టో సాక్సోఫోన్ మీద గమకాలతో పలికించిన మనిషి. 2019లో కన్నుమూశారు. అమెరికా జాజ్ వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్పతో ఆయన 2008లో 'కిన్స్‌మెన్' అనే ఆల్బమ్ చేశారు. రెండు ఆల్టోలు, రెండు సంప్రదాయాలు పక్కపక్కనే వినిపిస్తాయి. క్లబ్బుకు వెళ్లే ముందు అది వింటే జాజ్‌వాళ్లు స్వరాన్ని వంచే తీరుకూ, మన గమకానికీ తేడా మాటల్లో చెప్పకుండానే అర్థమవుతుంది.

5. వెళ్లే రోజు

కడుపు నింపుకుని వెళ్లండి. ఎడిసన్, మెట్రోపార్క్ వైపు వాళ్లు ఎన్‌జే ట్రాన్సిట్ రైల్లో పెన్ స్టేషన్ చేరి, అక్కడి నుంచి 1 నంబరు సబ్‌వే ఎక్కి ఫోర్టీన్త్ స్ట్రీట్‌లో గానీ క్రిస్టఫర్ స్ట్రీట్‌లో గానీ దిగితే వాన్‌గార్డ్ కొద్ది నిమిషాల నడక. జెర్సీ సిటీ వాళ్లకు పాత్ రైలు ఇంకా సులువు. వెళ్లేది ఎలాగూ వెళ్తారు, తిరిగి వచ్చే రైలు టైము చూసుకోండి. అర్ధరాత్రి దగ్గర పడేకొద్దీ రైళ్ల మధ్య విరామం పెరుగుతుంది. రెండో సెట్ పదకొండు దాటాకే అవుతుంది.

టికెట్ ఉన్నా, వాన్‌గార్డ్‌లో ముందు వచ్చినవాళ్లకే మంచి కుర్చీ. ఎనిమిది గంటల సెట్‌కు తలుపులు తెరిచే సమయానికే లైన్లో ఉండండి. బట్టల గురించి టెన్షన్ వద్దు, జీన్స్ వేసుకున్నా ఎవరూ చూడరు. చలికాలమైతే లావు కోటు ఒళ్లో పెట్టుకునే కూర్చోవాలి, ఆ మాత్రం చోటే ఉంటుంది.

ఎక్కడ కూర్చోవాలి అన్నది రుచిని బట్టి. డ్రమ్స్ పక్కన కూర్చుంటే ఆ రాత్రంతా తాళాల శబ్దమే వింటారు. సాక్సోఫోన్ శబ్దం చివరన గంట ఆకారంలో ఉండే మూతిలోంచి మాత్రమే రాదు, గొట్టం పొడవునా ఉన్న రంధ్రాల్లోంచి కూడా వస్తుంది. అందుకే సరిగ్గా ఆ మూతికి ఎదురుగా కంటే, కాస్త పక్కగా, రెండో మూడో వరసలో కూర్చుంటే స్వరం నిండుగా వినిపిస్తుంది. పెద్దాయన వేళ్లు, గొంతు కనిపించేలా చూసుకోండి. కోల్‌మన్‌కు పేరు తెచ్చిన పనుల్లో గాలి ఆపకుండా ఊదడం ఒకటి: బుగ్గల్లో దాచిన గాలిని బయటికి నెడుతూనే ముక్కుతో కొత్త గాలి పీలుస్తారు. మన నాదస్వర విద్వాంసులకూ తెలిసిన విద్యే. దగ్గర్నుంచి చూస్తే బుగ్గలు చెబుతాయి.

6. సెట్ మొదలయ్యాక ఏం వినాలి

మొదటి పాటను తీర్పు కోసం వాడకండి. సాక్సోఫోన్ నోటి దగ్గర ఉండేది ఒకే ఒక్క రెల్లు రేకు. గది తేమకు, చలికి అది మారుతుంది. మొదటి పాటలో ఆయన ఆ రేకుతో, గదితో సర్దుకుంటుంటారు. అప్పుడు మీరు స్వరం రంగు మాత్రం పట్టుకోండి: గరుకుగా ఉందా, గాలి కలిసి మెత్తగా ఉందా. ఆ స్వరం ఒక్కటే వయసుతో పాటు సొంతమవుతూ వస్తుంది. వేళ్ల పని ఎవరైనా నేర్చుకోవచ్చు, స్వరం అలా కాదు. అనుభవం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని రెండు బార్లు విని మనిషి పేరు చెప్పేస్తారు.

రెండో మూడో పాట నుంచి ఆయన ఎప్పుడు వాయించడం లేదో గమనించండి. పెద్దవాళ్లు తరచుగా ఒక వాక్యం అని, ఆగి, పియానోను మాట్లాడనిస్తారు. కొందరు తమ సోలో అయ్యాక పక్కనున్న కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని వింటారు. అలసట అనుకోకండి, లేదా అలసట మాత్రమే అనుకోకండి. ఇరవై ఏళ్లప్పుడు నాలుగు బార్లలో నలభై స్వరాలు వేసిన చోట ఇప్పుడు మూడు వేసి వదిలితే, ఆ మూడూ ఎక్కడ పడ్డాయన్నది చూడాలి. దెబ్బకు కాస్త వెనకగా పడతాయి. ఆ ఆలస్యం కావాలని చేసేదే.

ఆ రాత్రి అసలు పరీక్ష బ్యాలడ్, అంటే నెమ్మది పాట. నిమిషానికి 60 దెబ్బల నడకలో ఒక్క చుట్టుకే రెండు నిమిషాలు పైన పడుతుంది. దాక్కోవడానికి చోటుండదు. కింది స్వరాలను దాదాపు గుసగుసగా ఊదడం మంచి టెనర్ వాద్యకారుడి ఆస్తి. పాట సాహిత్యం తెలియకుండా బ్యాలడ్ వాయించకూడదని పాతతరం నమ్మకం. డెక్స్‌టర్ గోర్డన్ అయితే ఊదేముందు పాట మాటలను మైకులో చెప్పి మరీ మొదలుపెట్టేవాడు. అందుకే ఆ పాట మాటలు మీరూ ఒకసారి చదువుకుని వెళ్తే, ఏ మాట దగ్గర ఆయన ఆగారో తెలుస్తుంది. సెట్ మొత్తంలో ఒక్కటే శ్రద్ధగా వినగలనంటే అది బ్యాలడ్ కావాలి. మిగతావి పోయినా పర్లేదు.

వేదిక మీద సైగలు చూడటం సరదాగా ఉంటుంది. నాయకుడు నెత్తి మీద తట్టుకుంటే "అందరూ మొదటికి రండి, పాట ఎత్తుకుందాం" అని. నాలుగు వేళ్లు చూపిస్తే డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకోవడం మొదలవుతుంది, నాలుగు బార్లు సాక్సోఫోన్, నాలుగు బార్లు డ్రమ్స్. మీకు చట్రం వచ్చుంటే ఇది మన తని ఆవర్తనంలో ఇద్దరు పోటీపడే ఘట్టమంత ఉత్సాహంగా ఉంటుంది. సోలో మధ్యలో ఏదో పాత పాట ముక్క దూర్చితే జనం నవ్వుతారు. మీకు తెలియకపోయినా ఏం కాదు, పక్కవాళ్ల నవ్వు చూసి సెట్ అయ్యాక అడగండి, ఆనందంగా చెబుతారు.

బాస్ సోలో వచ్చినప్పుడు గదిలో గుసగుసలు మొదలవడం జాజ్‌లో పాత జబ్బు. మీరు మాత్రం అప్పుడు ముందుకు వంగి వినండి. పెద్దాయన తన పక్కన ఎలాంటి కుర్రవాళ్లను పెట్టుకున్నారో తెలిసేది అప్పుడే. ఆయన కూడా ఇరవైల్లో ఇలాగే ఎవరో పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకున్నవారే. ఇక్కడ గురుకులం బడిలో కాదు, బ్యాండ్‌స్టాండ్, అంటే బృందం వాయించే వేదిక మీదే నడిచింది.

స్వరం పగలవచ్చు. పైస్థాయిలో ఒక స్వరం కోసం వెళ్లి అందక జారవచ్చు. వయసు మీద పడ్డవాళ్లలో అది జరుగుతుంది. అలా జరిగాక ఆయన ఏం చేశారో చూడండి. బాగా తెలిసినవాళ్లు ఆ జారిన స్వరాన్నే మళ్లీ రెండుసార్లు వాడి, అది వాక్యంలో భాగమన్నట్టు చేసేస్తారు. అలా కాకుండా ప్రతి పాటలోనూ తడబడుతూ, కుర్రాళ్లే సెట్ అంతా మోస్తుంటే, నచ్చలేదని ఒప్పుకోవడంలో తప్పు లేదు. పెద్దవాళ్లన్న గౌరవం వేరు, చెవి వేరు.

7. మర్యాదలు

వాన్‌గార్డ్‌లో ఫొటోలు, వీడియోలు, ఫోన్లు నిషేధం. ఆ సంగతి గట్టిగానే చెబుతారు. మిగతాచోట్ల అంత కట్టుదిట్టం లేకపోయినా చీకటి గదిలో మీ ఫోన్ వెలుగు వాద్యకారుడి కళ్లలోనే పడుతుంది. డ్రింకు చెప్పేది పాటకూ పాటకూ మధ్య. సోలో పూర్తయ్యేసరికి, పాట ఇంకా నడుస్తుండగానే చప్పట్లు కొడతారు, మీరూ కొట్టండి. మధ్యలో ఒక మాట నచ్చితే "యా" అనో, "ఊఁ" అనో అనేసినా ఎవరూ తిరిగి చూడరు, మనం "భళా" అన్నట్టే. బల్ల మీద తాళం వేయడం మాత్రం వద్దు. మనకు వేళ్లు ఊరుకోవు, నిజమే, తొడ మీద చప్పుడు కాకుండా వేసుకోండి. ఫలానా పాట వాయించమని కేక వేయకండి.

8. సెట్ అయ్యాక

చిన్న క్లబ్బుల్లో వాద్యకారులు జనం మధ్య నుంచే నడిచి వెళ్తారు. బార్ దగ్గర నిలబడతారు, సీడీలు అమ్ముతారు. పలకరించవచ్చు. "మీరు చాలా గొప్పవారు" అనడం కంటే, "రెండో పాటలో బ్రిడ్జి దగ్గర మీరు ఆగింది చాలా బాగుంది" అంటే ఆయన ముఖం వెలుగుతుంది. ఇంటిపని అక్కడ పనికొస్తుంది. వయసు ఎంత అని అడగొద్దు. మనకు అలవాటు కొద్దీ కాళ్లకు దండం పెట్టబోతే ఆయన కంగారు పడి వెనక్కి జరుగుతారు. నమస్కారం చాలు. సెల్ఫీ అడగాలనుకుంటే ముందు సీడీ కొనండి, జేబులో కొంత నగదు ఉంచుకోండి. ఇంకో సెట్ ఉన్న మనిషిని అయిదు నిమిషాలకు మించి నిలబెట్టకండి, కూర్చుని ఊపిరి తీసుకోవాలి.

పాటల పేర్లు ఎవరూ చెప్పకపోతే బాస్ వాయించే కుర్రాణ్ని అడిగితే చెబుతాడు. ఇంటికి వెళ్లే రైల్లోనే రాసుకోండి. వారమంతా ఆ బృందం ఉంటుంది కాబట్టి, డబ్బూ తీరికా ఉంటే ఆదివారం మళ్లీ వెళ్లండి. అదే పాటను మళ్లీ వాయించినా ఒక్క సోలో కూడా బుధవారంలా ఉండదు.

9. న్యూయార్క్ రాలేనివాళ్లకు

కాలిఫోర్నియా వాళ్లకు సెప్టెంబర్‌లో మాంటెరీ జాజ్ ఫెస్టివల్ ఉంది, 1958 నుంచి జరుగుతోంది. చార్లెస్ లాయిడ్ 1966లో అక్కడ వాయించిన రికార్డే ఆయన పేరును దేశమంతా వినిపించింది. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు విండ్‌మిల్స్ అనే సంగీత వేదిక దగ్గరే, బయటి దేశాల జాజ్ బృందాలు అక్కడికి వస్తుంటాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు స్మాల్స్ క్లబ్ ఇంటర్నెట్‌లో ఇచ్చే ప్రత్యక్ష ప్రసారం చూడొచ్చు. న్యూయార్క్‌లో సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే సెట్ మనకు వేసవిలో ఉదయం అయిదింటికి, అక్కడ నవంబర్‌లో గడియారాలు వెనక్కి తిప్పాక ఆరింటికి వస్తుంది. సుప్రభాతం వేళకు బ్లూస్ వినడం కొంచెం వింతగానే ఉంటుంది గానీ అలవాటైపోతుంది. టీవీ స్పీకర్ వద్దు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేకపోతే బాస్ వినపడదు.